స్త్రీవాదం వస్తువులోనా, శిల్పంలోనా? ఆధునిక అమెరికన్ కవయిత్రులపై చర్చ

శిల్పరేఖ:

అమెరికన్ కవయిత్రుల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మన మాటలు వస్తువు దగ్గరే ఆగిపోతున్నాయి. పెళ్లి, ప్రసవం, వంటిల్లు, శరీరం, హింస అని ఒక పట్టిక వేసుకుని, అందులో ఏదో ఒకటి కనబడిన కవితను స్త్రీవాద కవిత అనేస్తున్నాము. నా అభిప్రాయం వేరు. 1950ల నుంచి 1970ల దాకా అక్కడ వచ్చిన మార్పులో ముఖ్యమైనది శిల్పానికి సంబంధించినది. ఎవరి గొంతుతో మాట్లాడాలి, పాదాన్ని ఎక్కడ విరవాలి, కవితను ముగిసినట్టు చూపాలా వద్దా అన్న ప్రశ్నలలోనే ఆ కవయిత్రులు తమ రాజకీయాలను తేల్చుకున్నారు.

ఏడ్రియన్ రిచ్ తొలి సంపుటి 1951లో, ఆమె రాడ్‌క్లిఫ్ కళాశాలలో చదువు ముగించిన ఏడే, యేల్ విశ్వవిద్యాలయం యువకవుల తొలి పుస్తకాలు ప్రచురించే పరంపరలో వెలువడింది. దానిని ఎంపిక చేసిన కవి డబ్ల్యు.హెచ్. ఆడెన్ ముందుమాటలో ఆ కవితలు పొందికగా, అణకువగా ముస్తాబై ఉన్నాయనీ, మెల్లగా మాట్లాడతాయనీ, పెద్దలను గౌరవిస్తాయనీ మెచ్చుకున్నాడు. పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషి పిల్లను మెచ్చుకున్నట్టే ఉంటుంది ఆ వాక్యం. ఆ సంపుటిలోనే ‘జెనిఫర్ అత్త పులులు’ ఉంది. అత్త గుడ్డమీద కుట్టిన పులులు నిర్భయంగా గంతులేస్తుంటాయి, ఆమె వేలిమీద మాత్రం మామయ్య తొడిగిన పెళ్లి ఉంగరం బరువుగా కూర్చుని ఉంటుంది, ఆమె చనిపోయాక కూడా పులులు అలాగే గంతులేస్తాయి. వస్తువును బట్టి చూస్తే ఇది అప్పటికే స్త్రీవాద కవిత. అయితే అంత్యప్రాసలతో, కొలిచి కట్టిన మూడు చతుష్పాదులలో, కవయిత్రికి ఏ సంబంధమూ లేని ఎవరో ఒక ముసలి అత్త కథగా అది నడుస్తుంది. ఇరవై ఏళ్ల తరువాత రాసిన ‘మృతులమైన మనం మేల్కొన్నప్పుడు’ అనే వ్యాసంలో రిచ్ తానే ఈ సంగతి చెప్పింది. వట్టి చేతులతో ముట్టుకోలేని వస్తువును పట్టుకోవడానికి ఛందోబద్ధమైన రూపం తనకు ఆస్బెస్టాస్ చేతితొడుగులా ఉపయోగపడిందని ఆమె వివరణ.

తరువాత 1953లో పెళ్లి, 1959 నాటికి ముగ్గురు కొడుకులు. 1963లో వచ్చిన ‘కోడలి ఛాయాచిత్రాలు’ సంపుటికి పేరిచ్చిన కవితను పిల్లలు నిద్రపోయే వేళల్లోనూ, గ్రంథాలయంలో దొరికిన కాసింత సమయంలోనూ, తెల్లవారుజామున మూడింటికి బిడ్డతో లేచినప్పుడూ ముక్కలు ముక్కలుగా రాశానని ఆమె చెప్పుకుంది. ఆ కవిత కూడా ముక్కలుగానే, పది ఖండాలుగా ఉంది. ఇల్లాలి రోజు ఎలా తెగిపోతూ ఉంటుందో కవిత కూడా అలాగే తెగిపోతూ సాగుతుంది. అయినా అందులోని స్త్రీ ఇంకా ‘ఆమె’యే. ‘నేను’ అనే ధైర్యం అప్పటికి రాలేదని రిచ్ ఆ వ్యాసంలోనే రాసింది. ఆ ధైర్యం వచ్చేవరకు జరిగిన ప్రయాణమే నా దృష్టిలో అసలు చరిత్ర. మిత్రులు ఏమంటారు?

గ్రంథాలయం_మెట్లు:

శిల్పరేఖ గారి వాదన బాగుంది కాని, చరిత్రను 1951లో మొదలుపెట్టడంలోనే చిక్కు ఉంది. గ్వెండొలిన్ బ్రూక్స్ తొలి సంపుటి 1945లోనే వచ్చింది. షికాగోలోని నల్లజాతివారి పేట బ్రాంజ్‌విల్‌లో ఒక వీధి గురించిన కవితలు అవి. వాటిలో ‘తల్లి’ అనే కవిత గర్భస్రావాలు చేయించుకున్న స్త్రీ తన కడుపున పుట్టని పిల్లలతో మాట్లాడే మాట. అమెరికాలో గర్భస్రావపు హక్కును సుప్రీం కోర్టు గుర్తించడానికి (1973) ఇరవై ఎనిమిదేళ్ల ముందటి కవిత ఇది. ప్రచురణకర్తల కోరికపై ఆ రాతప్రతిని చదివిన నవలాకారుడు రిచర్డ్ రైట్ మొత్తం పుస్తకాన్ని మెచ్చుకున్నాడు గాని, ఈ ఒక్క కవిత దగ్గర ఆగి, గర్భస్రావం కవితకు తగిన వస్తువేనా అని సందేహించాడు. బ్రూక్స్ దాన్ని తీసివేయలేదు.

మీరు శిల్పం గురించి అడిగారు కనుక ఆ కోణం నుంచే చెబుతాను. ఆ కవిత మొదట ‘నువ్వు’ అంటూ ఎవరినో ఉద్దేశించి సాధారణ సత్యంలా మొదలవుతుంది. కొంతదూరం నడిచాక ఉన్నట్టుండి ‘నేను’లోకి వస్తుంది. అక్కడి నుంచి ఆ తల్లి తాను చేసిన పనికి పేరు పెట్టడానికి ప్రయత్నించి, పెట్టిన పేరును వెంటనే కాదని, మళ్లీ ఇంకొక రకంగా చెప్పబోయి, నిజాన్ని ఎలా చెప్పాలి అని తడబడుతుంది. ఆమె తనను సమర్థించుకోదు, అలాగని తలవంచి క్షమాపణా కోరదు. రిచ్ 1960లలో చేరుకున్న ‘నేను’కు బ్రూక్స్ 1945లోనే, అదీ ప్రాసలు వదలకుండానే చేరింది. అందువల్ల ప్రాస, ఛందస్సు ఉంటే అణకువ అనీ, అవి విరిగితే విముక్తి అనీ సూత్రం చేయలేము.

తెలుగు పాఠకులకు ఇక్కడ పాటిబండ్ల రజని కవిత ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ గుర్తుకు రావడం సహజం. ప్రభావాల లెక్కలు తీయడం నా ఉద్దేశం కాదు. మన దగ్గర స్త్రీవాద కవితల సంకలనం ‘నీలిమేఘాలు’ (1993) వచ్చినప్పుడు కూడా ఇవి కవితావస్తువులా అన్న ప్రశ్ననే ఎదుర్కొన్నామని గుర్తుచేస్తున్నాను, అంతే.

గోదారి_గట్టు:

ఇంతవరకు సిల్వియా ప్లాత్ పేరు రాలేదేమిటి? పైన చెప్పిన ‘నేను’ అంటే చాలామందికి మొదట గుర్తొచ్చేది ఆమే కదా.

శిల్పరేఖ:

కావాలనే ఆపాను. ప్లాత్ పేరు రాగానే చర్చ ఆమె మరణం మీదికీ, భర్త టెడ్ హ్యూస్ మీదికీ పోతుంది, కవితలు పక్కకు తప్పుకుంటాయి. ఆ రెండూ లేకుండా మాట్లాడగలిగితే మాట్లాడండి.

గోదారి_గట్టు:

ప్రయత్నిస్తాను. 1962 అక్టోబరులో ప్లాత్ రాసిన ‘దరఖాస్తుదారు’ను తీసుకుందాం. ఒక గొంతు ఎదుటివాణ్ణి ఉద్యోగానికి వచ్చినవాడిలా ప్రశ్నిస్తుంది: గాజుకన్ను ఉందా, కట్టుడు పళ్లు ఉన్నాయా, ఊతకర్ర ఉందా, నీలో ఏదైనా లోటు ఉందా? లోటు లేకపోతే మేము నీకు ఏమివ్వగలం? ఆ తరువాత ఖాళీగా ఉన్న అతని చేతిలో పెట్టడానికి ఒక చెయ్యి వస్తుంది, అది టీ కప్పులు తెస్తుంది, తలనొప్పులు పోగొడుతుంది, చెప్పిన పని చేస్తుంది. చివరకు అల్మారాలోంచి ఒక బొమ్మ బయటికి వస్తుంది. అది కుడుతుంది, వండుతుంది, మాట్లాడుతుంది. పాతికేళ్లకు వెండి, యాభై ఏళ్లకు బంగారం అవుతుందన్న హామీ కూడా ఉంది. దీన్ని పెళ్లి చేసుకుంటావా అని ఆ గొంతు మళ్లీ మళ్లీ అడుగుతుంది.

ఈ కవితలో ‘నేను’ ఆమెది కానే కాదు. అది అమ్మకపు ప్రతినిధి గొంతు. కవితలో స్త్రీకి ఒక్క మాట కూడా లేదు, ఆమెను సూచించే పదం కూడా ఎక్కువగా వస్తువును సూచించే పదమే. అంటే ప్లాత్‌ను ఎప్పుడూ ‘ఆత్మనివేదన కవి’ అనే పెట్టెలో పెట్టి, ఆమె సొంత బాధ చెప్పుకుంది అనడం సగమే నిజం. పెళ్లి సంత భాషను యథాతథంగా పట్టుకుని దానిచేత దాన్నే బయటపెట్టించడం ఇక్కడి పద్ధతి. ప్లాత్ 1963 ఫిబ్రవరి 11న మరణించింది. అమెరికాలో రెండో దశ స్త్రీవాదానికి నాంది అని చెప్పుకునే బెట్టీ ఫ్రీడన్ పుస్తకం ‘ది ఫెమినిన్ మిస్టిక్’ అదే నెల 19న వెలువడింది. ఉద్యమం ఇంకా తనకొక భాషను కూర్చుకోకముందే రాసిన కవితలు కనుక, వాటిలో నినాదం లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మీరు వద్దన్నారు కాని ఒక్క విషయం శిల్పానికి సంబంధించినదే కాబట్టి చెప్పక తప్పదు. ఆమె ‘ఏరియల్’ రాతప్రతిని ‘ప్రేమ’ అనే మాటతో మొదలై ‘వసంతం’ అనే మాటతో ముగిసేలా అమర్చుకుంది. 1965లో హ్యూస్ ప్రచురించినప్పుడు ఆ వరుస మారింది, కొన్ని కవితలు పోయి వేరేవి చేరాయి, పుస్తకం చావు వైపు నడుస్తున్నట్టు కనిపించింది. ఆమె అమర్చుకున్న వరుస 2004లో గాని పాఠకులకు అందలేదు. ఒక కవయిత్రి ప్రతిష్ఠ నాలుగు దశాబ్దాలపాటు ఆమె ఎంచుకోని వరుసమీద ఆధారపడి నిలిచింది.

ఇసుక_గడియారం:

అందరూ ఒకే వైపు తూగుతున్నారు కనుక నేను అటువైపు నిలబడతాను. ఎలిజబెత్ బిషప్ స్త్రీలకు మాత్రమే కేటాయించిన సంకలనాలలో తన కవితలు చేర్చడానికి ఒప్పుకునేది కాదు. కవులను ఆడ, మగ అని వేరు చేయడం ఆమెకు నచ్చలేదు. ఆమెను స్త్రీవాద వ్యతిరేకి అని కొట్టిపారేయడం తేలికే. కాని 1971లో అచ్చయిన ‘వేచివుండే గదిలో’ కవిత చదవండి. 1918 ఫిబ్రవరి, మసాచుసెట్స్‌లోని వూస్టర్, పళ్ల డాక్టరు దగ్గర అత్త కోసం ఎదురుచూస్తూ, ఏడేళ్లు ఇంకా నిండని పిల్ల పత్రిక తిరగేస్తుంటుంది. లోపలి గదిలోంచి అత్త మూలుగు వినబడుతుంది, అది తన నోటినుంచే వచ్చిందని ఆ పిల్లకు తోస్తుంది. తానూ ‘వాళ్లలో ఒకతె’నని అప్పుడు తెలిసి, భూమి గుండ్రంగా తిరుగుతూ తనను విసిరేస్తుందేమోనని భయపడుతుంది. ఆ తెలివిడి ఆ పిల్లకు గర్వం కలిగించలేదు, తల తిరిగేలా చేసింది. స్త్రీ అనే గుంపులో చేర్చబడడంలో ఒక బలాత్కారం కూడా ఉందని చెప్పిన కవిత ఇది. ఉద్యమ కవిత్వంలో నాకు ఈ సందేహం దొరకదు.

దీని పక్కన మార్జ్ పియర్సీ ‘బార్బీ బొమ్మ’ పెట్టి చూడండి. కాళ్లు లావు, ముక్కు పెద్దది అన్న మాటలు పడలేక ఒక అమ్మాయి వాటిని కోసి ఇచ్చేస్తుంది, శవపేటికలో పుట్టీతో చేసిన ముక్కుతో అలంకరించి పడుకోబెడితే ఎంత అందంగా ఉందో అంటారు. పదునైన వ్యంగ్యమే. మొదటిసారి చదివినప్పుడే అంతా అందుతుంది, రెండోసారికి మిగిలేది తక్కువ. పాఠ్యపుస్తకాలకు ఇది ఇష్టమైన కవిత కావడానికి కారణం బహుశా అదే.

నల్లరేగడి:

ఇసుక_గడియారం గారు సందేహం లేదన్నారు కనుక ఆడ్రి లార్డ్ దగ్గరికి వెళ్దాం. ‘ఇది తేలికని ఎవరన్నారు’ అనే ఆమె కవిత ఒక పేజీ కూడా ఉండదు. ఊరేగింపుకు ముందు కొందరు స్త్రీలు న్యూయార్క్‌లో నెడిక్స్ అనే చిరుతిళ్ల దుకాణంలో కూడతారు. తమకు విముక్తి కలగడం కోసం జీతానికి పెట్టుకున్న పనిపిల్లలతో వచ్చే ఇబ్బందుల గురించి మాట్లాడుకుంటారు. కౌంటరు దగ్గర వడ్డించేవాడు ఎప్పటినుంచో నిలబడి ఉన్న నల్లజాతి యువకుణ్ణి దాటవేసి వీళ్లకు ముందు వడ్డిస్తాడు. వాళ్లు గమనించరు, వద్దనీ అనరు. అదే బల్ల దగ్గర కూర్చున్న లార్డ్, తాను పడకకూ అద్దానికీ రెంటికీ బందీనని, ఇన్ని విముక్తులలో తనలోని ఏ ‘నేను’ బతికి బయటపడుతుందో అని ఆలోచిస్తుంది.

శిల్పరేఖ గారు ‘ఆమె’ నుంచి ‘నేను’కు ప్రయాణమే చరిత్ర అన్నారు. లార్డ్ అడుగుతున్నది, ఆ ‘నేను’ ఒక్కటేనా అని. నల్లజాతి స్త్రీ, స్త్రీలను ప్రేమించే స్త్రీ, ఇద్దరు పిల్లల తల్లి అయిన ఆమెకు ఏ ఊరేగింపులోకి వెళ్లినా తనలో కొంత భాగాన్ని గుమ్మం బయట వదిలి వెళ్లవలసి వచ్చింది.

ఇంకొక సంగతి. ఈ కవిత ఉన్న సంపుటిని 1973లో డెట్రాయిట్‌లోని బ్రాడ్‌సైడ్ ప్రెస్ ప్రచురించింది. డడ్లీ ర్యాండల్ అనే గ్రంథాలయాధికారి 1965లో ప్రారంభించిన చిన్న సంస్థ అది. బ్రూక్స్ కూడా పెద్ద ప్రచురణకర్తలను వదిలి అక్కడికే వచ్చింది. ఆ సంపుటి 1974 నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాలో, రిచ్ ‘శిథిలనౌకలోకి దూకుతూ’ పక్కన నిలిచింది. బహుమతిని రిచ్, యాలన్ గిన్స్‌బర్గ్ పంచుకున్నారు. రిచ్ దానిని తనొక్కదాని పేరున తీసుకోలేదు. జాబితాలో ఉన్న లార్డ్, ఆలిస్ వాకర్‌లతో ముందే అనుకున్న ప్రకారం, ముగ్గురూ కలిసి రాసిన ప్రకటన చదివి, గొంతు వినబడని స్త్రీలందరి తరఫున స్వీకరించింది. ఈ సంఘటనను సోదరీత్వానికి ఉదాహరణగా అందరూ చెబుతారు. ఆ ముగ్గురిలో ఒకరి పుస్తకంలోనే సోదరీత్వాన్ని నిలదీసిన కవిత ఉందని మాత్రం తక్కువమంది చెబుతారు.

గ్రంథాలయం_మెట్లు:

నల్లరేగడి గారు చెప్పినదానికి ల్యూసిల్ క్లిఫ్టన్‌ను చేర్చాలి. బ్రూక్స్ ‘తల్లి’కి ఇరవై ఏడేళ్ల తరువాత, 1972లో, క్లిఫ్టన్ ‘పోయిన బిడ్డ కవిత’ వచ్చింది. వస్తువు అదే. అయితే ఇక్కడ గర్భం ఎందుకు నిలుపుకోలేకపోయిందో కారణం కవితలోనే ఉంది: అది గ్యాస్ కనెక్షన్ తీసేసిన సంవత్సరం, కారు లేదు, చలికాలం, బిడ్డ పుడితే కెనడా గాలికి ఎదురు నడుచుకుంటూ వెళ్లి పరాయిచేతుల్లో పెట్టి రావలసి ఉండేది. గర్భస్రావం విషయంలో ‘ఎంపిక’ అనే మాట చుట్టూ తిరిగిన ఆనాటి వాదాలకు ఈ గ్యాస్ బిల్లు మంచి జవాబు. అయితే ఆ స్త్రీ అక్కడితో ఆగదు, తరువాత పుట్టబోయే పిల్లలకు తాను కొండలా నిలబడకపోతే తనకు ఏ శాపాలు తగలాలో తానే చెప్పుకుంటుంది.

క్లిఫ్టన్ శరీరం గురించి రాసినవన్నీ విషాదాలు కావు. తన తుంటి గురించి, ఆఖరి బహిష్టు గురించి, తీసివేయబోతున్న గర్భసంచి గురించి ఆమె రాసిన చిన్న కవితలలో కొంటెతనం ఉంది. పెద్ద అక్షరాలు వాడదు, విరామచిహ్నాలు తక్కువ. ఆరుగురు పిల్లల తల్లి ఇంత తక్కువ మాటల్లో ఇంత ధీమాగా నవ్వడం నాకు ఎంతో ఇష్టం. రిచ్‌లో నాకు లోపించినట్టు అనిపించేది ఈ నవ్వే.

కొత్తచిగురు:

నేను ఇక్కడ కొత్త. యాన్ సెక్స్‌టన్ పాత జానపద కథలను తిరగరాసిందని విన్నాను. అవి ఈ చర్చలోకి వస్తాయా?

గోదారి_గట్టు:

తప్పకుండా వస్తాయి. 1971లో వచ్చిన ‘రూపాంతరాలు’ అన్న సంపుటి అది, గ్రిమ్ సోదరుల కథలే వస్తువు. సిండ్రెల్లా, రాకుమారుడు చివరకు మ్యూజియంలో గాజుపెట్టెలోని బొమ్మల్లా, పసిపిల్లల గుడ్డలు గాని దుమ్ము గాని అంటకుండా శాశ్వతంగా నవ్వుతూ ఉండిపోతారు. ప్లాత్ అల్మారాలోని బొమ్మ ఇక్కడ గాజుపెట్టెలోకి మారింది. ప్లాత్, సెక్స్‌టన్ ఇద్దరూ 1959లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో కవి రాబర్ట్ లోవెల్ తరగతిలో కలిసి కూర్చున్నవాళ్లు. మొదట ఆ సంపుటి చదివి, తరువాత సెక్స్‌టన్ కవిత ‘ఆమె కోవకు చెందినదాన్ని’ చదవండి.

ఇసుక_గడియారం:

శిల్పం అంటున్నాము గాని, కవిత ఎలా చేతులు మారిందన్నది కూడా ఆలోచించాలి. జూడీ గ్రాన్ 1969లో రాసిన ‘సామాన్య స్త్రీ’ ఏడు చిత్రాల వరుస. వాటిలో ఎల్లా అనే ఆమె హైవే పక్క భోజనశాలలో వడ్డించే మనిషి. బిడ్డను చెరిచిన ప్రియుణ్ణి కాల్చింది, జైలునుంచి బయటికి వచ్చేలోగా కోర్టు ఆ బిడ్డను ఎవరికో ఇచ్చేసింది. ఈ కవితలు పెద్ద పత్రికల ద్వారా రాలేదు. చేతి యంత్రాలమీద అచ్చయి, సభల్లో చదవబడి, గోడపత్రికల మీదికి ఎక్కాయి. గ్రాన్ ఓక్లాండ్‌లో స్త్రీల ముద్రణశాల స్థాపకులలో ఒకరు కూడా. విని గుర్తుపెట్టుకోవడానికి వీలుగా పాదాలు కట్టడం, ప్రతి చిత్రాన్నీ ఒక ఉపమానంతో ముగించడం ఆ అవసరం నుంచి పుట్టాయి. నేను మునుపటి టపాలో ఉద్యమ కవిత్వం మీద పెట్టిన ఆక్షేపణ పియర్సీ కవితకు వర్తిస్తుందనే ఇప్పటికీ అంటాను, ఎల్లాకు వర్తించదు.

శిల్పరేఖ:

బ్రూక్స్ విషయంలో గ్రంథాలయం_మెట్లు గారి ఆక్షేపణకు నా జవాబు ఇది: ఛందస్సు విరిస్తేనే విముక్తి అని నేను అనడం లేదు. రిచ్ కూడా రూపాలను వదిలేయలేదు, కొత్తవి వెతుక్కుంది. అందులో మన ఉపఖండానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. 1968 వేసవిలో ఆమె గజళ్లు రాసి గాలిబ్‌కు అంకితమిచ్చింది. ఐజాజ్ అహ్మద్ గాలిబ్ గజళ్లకు చేసిన మాటకుమాట అనువాదాలు ఆమెకు ఆధారం. వాటి ఆధారంగా మెర్విన్ వంటి కవులతో పాటు ఆమె కూడా గాలిబ్‌కు ఇంగ్లీషు రూపాలు రాసింది. తన గజళ్లలో రదీఫ్ (చివర తిరిగి తిరిగి వచ్చే మాట), కాఫియా (దానికి ముందు వచ్చే ప్రాస) వదిలేసి, ప్రతి షేర్ (రెండు పాదాల ద్విపద) దేనికదే విడిగా నిలబడే గుణాన్ని మాత్రం తీసుకుంది. ప్రతి గజల్‌కూ తేదీ వేసింది. యుద్ధ వ్యతిరేక ప్రదర్శనలు, నగరాల అలజడి, ఇంట్లో ఒడిదుడుకులు ఒకదాని పక్కన ఒకటి, వాటిని కలిపే వివరణ లేకుండా వస్తాయి. ‘కోడలి ఛాయాచిత్రాలు’లో నిద్రలేమి కారణంగా వచ్చిన ముక్కలు ఇక్కడ ఎంచుకున్న రూపంగా మారాయి. ఉర్దూ గజల్ తెలిసిన హైదరాబాదు పాఠకులకు ఇవి గజళ్లే కావని అనిపించవచ్చు, ఆ అభ్యంతరం న్యాయమైనదే.

నల్లరేగడి:

రిచ్ చుట్టూ ఇంకా ఎంతకాలం తిరుగుతాం? వస్తువు, శిల్పం అన్న ప్రశ్నకు జూన్ జోర్డన్ ‘నా హక్కుల గురించిన కవిత’ను (1980) పరిశీలించకుండా తేల్చలేము. రాత్రిపూట బయటికి వెళ్లి తల తేలిక చేసుకుని రావాలనిపించిన స్త్రీ, ఒంటరిగా వెళ్లలేనన్న చిన్న సంగతితో కవిత మొదలవుతుంది. అక్కడి నుంచి వాక్యం ఆగదు. తప్పు చర్మం, తప్పు లింగం, తప్పు చోటు అనే మాట మీదుగా అత్యాచారాన్ని గురించిన ఫ్రాన్స్ చట్టానికి, అక్కడి నుంచి నమీబియాలోకి చొరబడుతున్న దక్షిణాఫ్రికాకు, తిరిగి కొడుకు పుట్టి ఉండవలసిందన్న తండ్రికి, పళ్లు సరిచేసుకోమన్న తల్లికి వెళుతుంది. దేశంలోకి చొరబడడం, శరీరంలోకి చొరబడడం ఒకే వ్యాకరణంలో పడతాయి. ఫుల్‌స్టాపులు దాదాపు లేకపోవడం వల్ల ఎక్కడ ఇల్లు ముగిసి విదేశాంగ విధానం మొదలైందో పాఠకుడికి తెలియదు, తెలియకపోవడమే ఆమె వాదం. తప్పు నా పేరు కాదు అని చివరకు తేల్చి, ఎదుటివారిని నేరుగా హెచ్చరిస్తుంది.

ఈ కవితను అలంకారాల కింద విడదీసి ఒక తరగతిలోనూ, సామాజికాంశాల కింద మరొక తరగతిలోనూ చెప్పడం నేను చూశాను. రెండుచోట్లా విద్యార్థులకు సగం కవితే అందింది.

ఇసుక_గడియారం:

చివరి హెచ్చరిక దగ్గర మాత్రం నాకు ఇంకా అభ్యంతరం ఉంది. అంతసేపు ఎక్కడా ఆగని వాక్యం అక్కడికి వచ్చేసరికి ఉపన్యాసంలా గట్టిగా కాలు మోపుతుంది. ‘శక్తి’ అనే కవితలో లార్డ్, న్యూయార్క్‌లో పదేళ్ల నల్లజాతి బాలుణ్ణి కాల్చి చంపిన పోలీసును జ్యూరీ వదిలేసినప్పుడు, కవిత్వానికీ ఉపన్యాసానికీ తేడా ఏమిటన్న ప్రశ్నతోనే మొదలుపెట్టింది. తన కోపం తననే ఎక్కడికి తీసుకుపోతుందో చివరి వరకు భయపడుతూ రాసింది. జోర్డన్ కవితలో ఆ భయం లేదు.

నల్లరేగడి:

భయం ఉండాలని ఎందుకు కోరుతున్నారు? బయట రాత్రి నడవడానికి భయపడిన మనిషితోనే కదా ఆ కవిత మొదలైంది. ముగింపులో కూడా ఆమె భయపడుతూనే ఉండాలని అడగడం న్యాయం కాదు.